ఆటల కంప్యూటరు: పరిమిత ధనముతో విడిభాగముల నెన్నుకొనుట

హోసూరు పరిసరములలో రోజాపూల తోటలపై జీవించు కుటుంబములు పెక్కు గలవు. అట్టి కుటుంబమునకు చెందిన యొక తండ్రి, మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుని వెంటబెట్టుకొని, ఒక ఆదివారము మా యింటికి వచ్చెను. ఆయన చేతిలో బెంగుళూరు అంగడివారు వ్రాసి యిచ్చిన కొటేషను కాగిత మొకటి యుండెను. "అయ్యవారూ, పిల్లవాడు రెండేండ్లుగా ఆటలాడే కంప్యూటరు కావాలని అడుగుతున్నాడు. చీటీ డబ్బు యాభై అయిదు వేలు చేతికి వచ్చింది. అంగడాయన కన్నడంలోనే చెప్పినాడు, కన్నడం నాకు వచ్చు. కానీ అందులో ఉన్నవన్నీ ఇంగ్లీషు మాటలే. ఈ కాగితంలో ఏముందో మీరు కాస్త తెలుగులో చెప్పండి" అని ఆయన యడిగెను.

నేను తెలుగు బోధించువాడనే గాని యంత్రశాస్త్రము చదివినవాడను గాను. అయినను పాఠశాల కంప్యూటరు గదిలోని యంత్రములు మొరాయించినపు డెల్ల విప్పి చూచుట వలనను, మా యింటి యంత్రమును విడిభాగములు తెచ్చి నేనే కూర్చుకొనుట వలనను, ఈ విషయమున కొంత పరిచయము కలిగినది. అదియు గాక, చేతి సొమ్ము పెట్టి కొనునట్టి వస్తువును గూర్చి తన భాషలో నాలుగు మాటలు వినవలెనని యొక తండ్రి యడిగినపుడు, నాకు రాదని చెప్పి పంపుటకు మనసొప్పలేదు.

ఆ కాగితమున నెనిమిది పంక్తు లుండెను. కోర్ ఐ7 ప్రాసెసరు, గేమింగు మదరుబోర్డు, 16 జి.బి. ర్యాము, 512 జి.బి. ఎస్.ఎస్.డి.; 4 జి.బి. గ్రాఫిక్సు కార్డు, రంగుదీపముల కేబినెట్టు, 450 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. తో సహా, కీబోర్డు, మౌసు, 22 అంగుళముల మానిటరు. పైకి చూచుటకు చక్కగానే యున్నది. కాని ఎనిమిదింటిలో అయిదు పంక్తులు అసలు చెప్పవలసిన సంగతిని చెప్పలేదు. చెప్పని యా సంగతులేవో తెలిసికొనుటయే కంప్యూటరు కొనుటలోని విద్య.

కాగితమును ప్రక్కన బెట్టి పిల్లవానిని రెండు ప్రశ్న లడిగితిని: నీవు ఆడదలచిన ఆట లేవి? వానిని ఏ తెరపై చూతువు? వాలరెంటు, మైన్‌క్రాఫ్టు, జి.టి.ఎ. 5 అని మూడు పేర్లు చెప్పి, కొంచెము సంకోచించి, సైబర్‌పంక్ 2077 అని నాలుగవ పేరు చేర్చెను. తెర సంగతి యాతడు తలపనే లేదు. ప్రాసెసర్లను గూర్చి నెలల తరబడి వాదించువారు సైతము తెరను తుదకు మిగిలిన డబ్బుతో కొనుచుందురు. నా అభిప్రాయమున మొదట నెన్నుకొనవలసినది తెరయే. ఏలయన యంత్రము చేయవలసిన పని యెంతయో నిర్ణయించునది తెర.

తెర యనగా రంగుచుక్కల సముదాయము. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల తెరలో మొత్తము 20,73,600 చుక్క లుండును. ఆట తడబాటు లేక నునుపుగా సాగవలెనన్నచో ఈ చుక్కల నన్నింటిని సెకనునకు 60 మారులు క్రొత్తగా రంగువేయుట మేలు. అనగా సెకనునకు 12,44,16,000 చుక్కలు. ఒక్కొక్క బొమ్మను సిద్ధపరచుటకు యంత్రమునకు లభించు కాలము సుమారు 16.7 మిల్లీసెకనులు మాత్రమే. సెకనునకు 144 మారులు మారు తెరయైనచో ఆ కాలము 6.9 మిల్లీసెకనులకు తగ్గును. ఇక 4కె అని చెప్పు తెరలో 3840 అడ్డముగా, 2160 నిలువుగా నుండుటచే చుక్కల సంఖ్య 82,94,400 అగును. మొదటిదానికి సరిగా నాలుగు రెట్లు. కావున చిన్న సంచితో బజారునకు పోవువాడు 1920-1080 తెరను దాటి చూపు సారింపరాదు. పెద్ద తెరను కొన్నవాడు దానికి దాణా వేయుటకు పెద్ద గ్రాఫిక్సు కార్డును గూడ కొనవలసివచ్చును.

ఈ పనిలో ప్రాసెస రేమి చేయును, గ్రాఫిక్సు కా ర్డేమి చేయును? పెండ్లివారింటి బంతిని తలచుకొనుడు. ఎవరెవరు కూర్చుండిరో, ఏ వంటక మెప్పుడు రావలయునో చూచి పురమాయించు పెద్ద యొకడుండును. ఆకులలో వడ్డించువారు వేరుగా నుందురు. ఆటలో శత్రువెచట నున్నాడు, గుండు తగిలెనా లేదా, గోడ కూలునా నిలుచునా యను నిర్ణయము లన్నియు ప్రాసెసరు చేయును. అది పురమాయించు పెద్ద. ఆ నిర్ణయముల ప్రకారము ఇరువది లక్షల చుక్కలకు రంగు వడ్డించునది గ్రాఫిక్సు కార్డు. ప్రాసెసరులో నాలుగో, ఆరో బలమైన గణనాంగములు, అనగా కోరు లుండును. గ్రాఫిక్సు కార్డులోనివి చిన్నవి, కాని వేలకొలది. ఆర్.ఎక్స్. 6600 అను మధ్యతరగతి కార్డులో అట్టివి 1792 గలవు. పెద్ద యెంత చురుకైనవాడైనను వడ్డించు చేతులు చాలకున్నచో ఆకులు ఖాళీగా నుండును. వడ్డించువారు వందమంది యున్నను పెద్ద మందకొడియైనచో వారు గరిటెలు పట్టుకొని నిలువబడి యుందురు. కాడికి జతకుదరని యెడ్లను కట్టినట్లే.

ఆటలలోను భేదము కలదు. వాలరెంటు, కౌంటర్ స్ట్రైకు వంటివి బొమ్మల భారము తక్కువగా నుండి ప్రాసెసరును ఎక్కువగా శ్రమపెట్టును. 2020 డిసెంబరులో వచ్చిన సైబర్‌పంక్ వంటి ఆట గ్రాఫిక్సు కార్డును పిండివేయును. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్సు ఆటయైతే, కాంతికిరణముల గమనమును లెక్కించు ప్రత్యేకాంగము లేని కార్డులపై అసలు ఆరంభమే కాదు. కావున "మంచి కంప్యూటరు" అని అడుగుట వ్యర్థము. "ఈ ఆటకు, ఈ తెరకు తగినది" అని యడుగవలయును.

ఇప్పుడు కాగితమును మరల చేతికి తీసికొందము.

మొదటి పంక్తి కోర్ ఐ7. పిల్లవాని ముఖము ఆ పేరు చెప్పగానే వెలిగెను. ఐ3 కంటె ఐ5, ఐ5 కంటె ఐ7 గొప్పవని అందరును విందురు. ఒకే తరమునకు చెందిన ప్రాసెసర్లలో అది నిజమే. తరము మారినచో ఆ లెక్క చెల్లదు. అంగడికి ఫోను చేసి యే తరమని యడుగగా ఐ7-2600 అని తేలినది. అది 2011 జనవరిలో విడుదలయైన రెండవ తరపు ప్రాసెసరు. నాలుగు కోరులు, ఎనిమిది త్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100 అను చిన్న ప్రాసెసరునకును నాలుగు కోరులే, ఎనిమిది త్రెడ్లే. కాని నడుమ గడచిన పదునొకండేండ్లలో ఒక్కొక్క కోరు చేయు పని యెంతయో పెరిగినది. ఆ ఐ3 ముందర ఈ ఐ7 నిలువజాలదు. వేగ మొక్కటే గాదు. విండోసు 10 నకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకు పూర్వపు వానిని అధికారికముగా అంగీకరింపదు, టి.పి.ఎం. 2.0 అను రక్షణాంగమును గూడ కోరును. విండోసు 11 పై వాలరెంటు సైతము దానిని కోరును. అనగా యాభై అయిదు వేలు పోసి కొనిన యంత్రమున పిల్లవాడు చెప్పిన మొదటి ఆటయే సరిగా సాగునో లేదో సందేహము! తండ్రి ఆ కాగితమువైపు చూచిన చూపు నాకింకను గుర్తున్నది.

ప్రాసెసరు పేరులోని అంకెలతో బాటు తుది యక్షరమును గూడ చదువవలయును. ఇంటెల్ వారి పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నచో దానిలో చిత్రములు చూపు భాగము లేదని యర్థము. వేరుగా గ్రాఫిక్సు కార్డు పెట్టనిదే తెర వెలుగదు. ఎ.ఎం.డి. వారి రైజెన్ 5 5600 కూడ అట్టిదే. రైజెన్ 5 5600జి యనుదానిలో జి యక్షరము, చిత్రములు చూపు భాగము లోపలనే కలదని తెలుపును. ఈ చిన్న యక్షరమును మీరు గుర్తుంచుకొనుడు. దీనితో మరల పని కలదు.

గ్రాఫిక్సు కార్డు పంక్తిలో 4 జి.బి. అని మాత్రమే యుండెను, పేరు లేదు. బండి కొనబోయిన వానికి పెట్రోలు ట్యాంకు పరిమాణము మాత్రము చెప్పి, ఇంజనును గూర్చి చెప్పకుండుట వంటిది యిది. జి.బి. లు కార్డుయొక్క నిలువ గది మాత్రమే. పని చేయు చేతులు వేరు. 2014లో వచ్చిన జి.టి. 730 అను చిన్న కార్డు సైతము 4 జి.బి. తో అమ్మబడినది. అది కార్యాలయములలో తెర వెలిగించుటకు చాలును గాని ఆటలకు గాదు. 2022 జనవరిలో వచ్చిన ఆర్.ఎక్స్. 6500 ఎక్స్‌టి కూడ 4 జి.బి. కార్డే. దానికి మదరుబోర్డుతో సంబంధము కలిగించు దారి నాలుగు వరుసలు మాత్రమే. పాత మదరుబోర్డుపై పెట్టినచో ఆ దారి మరింత యిరుకగును. 4 జి.బి. నిలువ గది నేటి ఆటలకు చాలదు. క్రొత్తగా కొనువారు 8 జి.బి. కి తగ్గకుండుట మేలు. 2021 అక్టోబరులో వచ్చిన ఆర్.ఎక్స్. 6600 నకు 8 జి.బి. నిలువ కలదు, 132 వాట్లతో నడచును. 2023లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 4060 నకును 8 జి.బి.; విద్యుత్తు 115 వాట్లే. 2024 డిసెంబరులో ఇంటెల్ వారు తెచ్చిన ఆర్క్ బి580 నకు 12 జి.బి. గలవు, కాని రీసైజబుల్ బార్ అను సౌకర్యములేని పాత మదరుబోర్డులపై అది కుంటువడును. కాలము గడచిన కొలది ఈ పేర్లు అంగడిలో తగ్గి క్రొత్తవి వచ్చును. కావున పేరును గాక చూడవలసిన గుణములను గుర్తుంచుకొనుడు: ఏ సంవత్సరపు కార్డు, ఎంత నిలువ, ఎన్ని వాట్లు, మీ ఆటలో మీ తెరపై సెకనునకు ఎన్ని బొమ్మలు. ఈ నాలుగవదానిని కొలిచి చూపించువారు నేడు పెక్కుమంది గలరు; ఒకరి కొలతను నమ్మక ఇద్దరు ముగ్గురివి పోల్చి చూడవలయును.

వాడిన కార్డులు చౌకగా దొరకును. వానిని కొనరాదని నేననను. అయితే 2022 సెప్టెంబరు వరకు ఈథీరియం అను క్రిప్టో నాణెమును సంపాదించుటకై వేలకొలది కార్డులను రాత్రింబవళ్ళు నడపిరి. ఆ పద్ధతి మారిన పిదప అవన్నియు బజారున పడినవి. అంతకంటె చెడ్డది మారుపేరు పెట్టిన కార్డు. పాత కార్డులోని లిపిని మార్చి, జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. యని కంప్యూటరునకే అబద్ధము చెప్పించుట కలదు. జి.పి.యు.-జడ్ అను ఉచిత ప్రోగ్రాము ఇట్టి మోసమును చాలవరకు పట్టి యిచ్చును. కనీసము అరగంట ఆట నడిపి చూపినగాని వాడిన కార్డునకు డబ్బు చెల్లింపకుడు.

ర్యాము పంక్తిలో 16 జి.బి. అని యున్నది. పరిమాణము చాలును. కాని యొకే పలకయా, ఎనిమిదేసి జి.బి. ల పలకలు రెండా? ప్రాసెసరునకు ర్యామునకు నడుమ రెండు దారులుండును. ఒకే పలక పెట్టినచో రెండవ దారి మూతపడి యుండును. డి.డి.ఆర్.4 3200 ర్యాము ఒక దారిన సెకనునకు 25.6 జి.బి. అందించును, రెండు దారులు తెరచిన 51.2. ధరలో భేదము కొద్దిపాటిది, పనిలో భేదము గొప్పది. చిత్రములు చూపు భాగము లోపలనే యున్న ప్రాసెసరునకైతే ఇది ప్రాణప్రదము. ఏలయన దానికి వేరుగా నిలువ గది లేక ర్యామునే వాడుకొనును. మరియొక సంగతి. 3200 అని కొన్న ర్యాము మొదట 2133 లేక 2666 వేగముతో నడచుచుండుట కలదు. బయోసులో ఎక్స్.ఎం.పి. అనుదానిని తెరచినగాని పూర్తి వేగము రాదు. ఇందుకు పైకమక్కరలేదు, ఒక నిమిషము చాలును. డి.డి.ఆర్.4 పలక డి.డి.ఆర్.5 గాడిలో పట్టదు. గంటు చోటు వేరు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధా కేంద్రములు ర్యామును విస్తారముగా కొనుటచే రెండు జాతుల ధరయు విపరీతముగా పెరిగినది. కావున కొటేషనులో ర్యాము ధరను కొనునాడే మరల విచారింపవలయును.

మదరుబోర్డు పంక్తిలో "గేమింగు" అను మాట తప్ప వేరేమియు లేదు. ఆ మాటకు శాస్త్రములో నర్థము లేదు. అడుగవలసినది సాకెట్టు. ప్రాసెసరు కూర్చుండు పీట అది; ఒక పీటపై ఒక కుటుంబమువారే కూర్చుండగలరు. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 పీట 2017లో మొదటి రైజెనుకు వేసినది. 2022 నాటి ప్రాసెసర్లు కూడ బయోసును మార్చిన పిమ్మట దానిపైననే అమరినవి. అది ఇప్పుడు తుది దశలోనున్న పీట. 2022లో వచ్చిన ఎ.ఎం.5 ముందున్న కాలమునకు చెందినది గాని డి.డి.ఆర్.5 ర్యామునే కోరును. అయిదారేండ్లలో ప్రాసెసరును మార్చు తాహతు గలవారు ఎ.ఎం.5 నకు పోవచ్చును. ఒకసారి కొని చాలకాలము నడుపుకొనువారికి ఎ.ఎం.4 నేటికిని మంచిదే. కాబోవు కాలమున పీట మిగులునని నేడు అప్పు చేయుట నాకు సమ్మతము గాదు.

ఇక నన్ను అన్నిటికంటె కలవరపెట్టిన పంక్తి, తండ్రీకొడుకు లిద్దరును లెక్కచేయనిది, ఎస్.ఎం.పి.ఎస్. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12 వోల్టులకు దించి భాగముల కన్నింటికి పంచునది యిదియే. కేబినెట్టుతో ఉచితముగా వచ్చుదానిపై 450 వాట్లని పెద్ద యక్షరములతో నుండును. ప్రక్కనున్న చీటీలోని చిన్న అంకెలు చదువవలయును. 12 వోల్టుల యెదుట 16 ఆంపియర్లు అని యున్నదనుకొనుడు. మీరు భౌతికశాస్త్రములో నేర్చిన గుణకారమే: 12 × 16 = 192 వాట్లు. ప్రాసెసరును గ్రాఫిక్సు కార్డును ఈ 12 వోల్టులపైననే నడచును గనుక, అట్టి పెట్టెకు నిజమైన బలము 192 వాట్లే. ఆరు కోరుల ప్రాసెసరు ఎనుబది, తొంబది వాట్లు, కార్డు 132 వాట్లు, తక్కినవి ఏబది వాట్లు అనుకొన్న మొత్తము 260 దాటును. ఆట మంచి పట్టులో నుండగా యంత్రము దభాలున ఆరిపోవుటకు తరచుగా కారణమిది. ఆరిపోయి యూరకున్న అదృష్టమే. చౌక పెట్టె కాలునపుడు తనతో బాటు మదరుబోర్డును, కార్డును గూడ కాల్చుట కలదు. తగిన ఎస్.ఎం.పి.ఎస్. పై 12 వోల్టుల యెదుట 36 ఆంపియర్లకు తక్కువ లేకుండవలెను. అప్పుడు 432 వాట్లగును. 80 ప్లస్ బ్రాంజు అను గుర్తు, సగము భారమున నూటికి 85 పాళ్ళ విద్యుత్తు పనికి వచ్చి తక్కినది వేడియగునని తెలుపును. ఆ గుర్తు పొదుపును చెప్పునే గాని రక్షణను పూర్తిగా చెప్పదు. కావున పేరున్న తయారీదారుని, అయిదేండ్ల వారంటీని గూడ చూడవలయును. రంగుదీపముల ఫ్యాన్లను మాని ఆ డబ్బు నిచట పెట్టుడు.

ఈ సందర్భమున ఇంటి సంగతి గూడ. మూడవ పిన్నుకు ఎర్తు తీగ లేని సాకెట్టులో కంప్యూటరును పెట్టరాదు. పాత యిండ్లలో పిన్ను రంధ్రముండును, తీగ యుండదు. విద్యుత్ పనివానిచే పరీక్ష చేయింపుడు. 600 వి.ఎ. అని అమ్ము యు.పి.ఎస్. సాధారణముగా 360 వాట్లకు మించి మోయదు. కరెంటు పోయినపుడు ఆట ముగించి యంత్రమును క్రమముగా ఆర్పుటకే అది. కరెంటు బిల్లును గూర్చి తండ్రి యడిగెను: యంత్రము గోడనుండి 300 వాట్లు లాగునపుడు దినమునకు రెండు గంటల చొప్పున నెలకు 18 యూనిట్లు. దినమునకు రెండు గంటలా, ఒక గంటయా యనునది ఇంటిలో తేల్చుకొనవలసిన మాట. అందులో నేను జోక్యము చేసికొనలేదు.

తక్కిన భాగములకు ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎస్.ఎస్.డి. ఆట తెరచుకొను కాలమును తగ్గించునే గాని బొమ్మల వేగమును పెంచదు. సాటా రకము సెకనునకు సుమారు 550 ఎం.బి., ఎన్.వి.ఎం.ఇ. రకములో సామాన్యమైనది 3000 ఎం.బి. కి పైన చదువును. రెండింటి ధరయు దగ్గరగా నున్నచో రెండవదే మేలు. నేటి పెద్ద ఆట యొక్కటియే 100 జి.బి. తినును, కాబట్టి 512 జి.బి. లో నాలుగైదు మాత్రమే పట్టును. కేబినెట్టు ముందుభాగము అద్దముతో మూసియున్నది గాక జల్లెడవలె గాలి చొరబడునది కావలెను. హోసూరు చల్లని చోటు గనుక మనము కొంత తప్పించుకొందుము. వెల్లూరు, బళ్ళారి వైపు నున్న మన బంధువులకు వేసవిలో ఇది తప్పనిసరి. యంత్రములో తెలుగు వ్రాయుటకు ప్రత్యేక భాగమేదైన కావలెనా యని ఒక తల్లి నన్నడిగెను. అక్కరలేదు. విండోసు ఎక్స్.పి. నాడే గౌతమి యను తెలుగు ఫాంటు వచ్చినది. నేటి విండోసులో తెలుగు కీబోర్డు సిద్ధముగానే యుండును, సెట్టింగులలో చేర్చుకొన్న చాలును.

బెంగుళూరులో విడిభాగములకు ఎస్.పి. రోడ్డు, చెన్నపట్టణమున రిచ్చీ వీధి ప్రసిద్ధములు. మనకు ఎస్.పి. రోడ్డు నలువది కిలోమీటర్ల దూరముననే కలదు. ఒక్క అంగడిలోనే అన్నియు కొనక మూడు అంగళ్ళలో కొటేషను వ్రాయించుకొనుడు. ప్రతి పంక్తిలోను తయారీదారు పేరు, పూర్తి నమూనా సంఖ్య, వారంటీ సంవత్సరములు ఉండవలయునని పట్టుబట్టుడు. వ్రాయనన్న అంగడినుండి లేచి వచ్చుటకు మొగమాటపడకుడు. బిల్లు లేకున్న జి.ఎస్.టి. 18 శాతము మిగులునని ఆశ చూపువారుందురు. బిల్లు లేని భాగము చెడినపుడు ఆ మిగిలినది వడ్డీతో సహా పోవును.

ధనమును పంచు విషయమున నా లెక్క యిది. తెరను మినహాయించి మిగిలినదానిలో మూడవ వంతునకు పైన, అయిదింట రెండు పాళ్ళవరకు గ్రాఫిక్సు కార్డునకు; దానిలో సగము ప్రాసెసరునకు; తక్కినది మిగిలిన వానికి. ఆ తండ్రి సొమ్ము ఈ లెక్కకు చాలలేదు. అన్నింటిని నాసిగా తెచ్చుటకంటె కొన్నింటిని మంచివిగా తెచ్చి యొకదానిని కొంతకాలము వాయిదా వేయుట మేలని చెప్పితిని. ఇచటనే ఆ జి యక్షరము పనికి వచ్చినది. రైజెన్ 5 5600జి లో చిత్రములు చూపు భాగము కలదు గనుక గ్రాఫిక్సు కార్డు లేకయే వాలరెంటు, మైన్‌క్రాఫ్టు చక్కగా సాగును, జి.టి.ఎ. 5 ను బొమ్మల నాణ్యము తగ్గించి ఆడవచ్చును. ఇందులో నష్టమును గూడ దాచలేదు. ఈ ప్రాసెసరునకు 5600 తో పోల్చిన లోపలి నిలువ, అనగా క్యాషె, 32 ఎం.బి. కి బదులు 16 ఎం.బి. మాత్రమే, కార్డునకు దారియు ఒక తరము పాతది. కార్డు పెట్టిన పిదప కొద్దిపాటి వేగము తగ్గును. మొదటినుండి కార్డు కొనగలవారు 5600 నే తీసికొనవలయును.

క్రొత్త కాగితమిట్లు వచ్చినది: 5600జి, బి550 మదరుబోర్డు, 8 జి.బి. పలకలు రెండు, 512 జి.బి. ఎన్.వి.ఎం.ఇ.; దీపములు లేని జల్లెడ కేబినెట్టు; 550 వాట్ల బ్రాంజు ఎస్.ఎం.పి.ఎస్.; 1920-1080 తెర. ఎస్.ఎం.పి.ఎస్. రాబోవు కార్డునకై పెద్దది. దీపములు లేవని పిల్లవాడు రెండు దినములు ముఖము ముడుచుకొనెను. మూడవనాడు యంత్రము వచ్చుటతో మరచెను.

ఏటేటను ఫిబ్రవరి 14 నకు ముందు హోసూరు రోజాలకు మంచి ధర పలుకును. ఆ పూల డబ్బుతో మార్చి నెలలో 8 జి.బి. కార్డు కొనిరి. ఆ రాత్రియే పిల్లవాడు ఫోను చేసెను: "సార్, కార్డు పెట్టినాం, ఫ్యాను తిరుగుతోంది. కానీ ఆటలో ఏమీ తేడా లేదు." తండ్రి ప్రక్కనే నిలిచి వినుచున్నట్లు తెలియుచుండెను. తెర కేబులు ఎక్కడ పెట్టితివని అడిగితిని. పాత చోటనే, మదరుబోర్డు వెనుకనే యున్నదట. దానిని తీసి, క్రింద క్రొత్త కార్డునకున్న సాకెట్టులో పెట్టుమని చెప్పి, ఫోను పెట్టేయకుండ వేచియుంటిని. ఒక నిమిషమునకు తండ్రి కంఠము వినబడెను: "ఇప్పుడు తెలుస్తోంది అయ్యవారూ."